‘రుచికి సరిపడా’ అంటే ఎన్ని గ్రాములు? ఇంటి వంటను కాగితం మీదికి ఎక్కించే పద్ధతి

మనకు బాగా గుర్తుండిపోయిన వంటల్లో చాలావాటికి అరుదైన సరుకులేవీ అక్కర్లేదు. ఉప్పు, నూనె, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఆవాలు, మిరియాలు, ఏదో ఒక పప్పు, పులుపుకు టొమాటోనో నిమ్మకాయో ఉంటే చాలు. ఇవన్నీ వంటింటి అలమరలో ఎప్పుడూ ఉండేవే. అయినా అవే సరుకులు ముందు పెట్టుకుని మనం వండితే ఆ రుచి రాదు. అదంతా చేతి మహత్యమని సరిపెట్టుకుంటాం గాని, ఆ చేతికి తెలిసినవి ముఖ్యంగా మూడు విషయాలు. ఏది ఎంత వేయాలి, ఏ వరసలో వేయాలి, ఎంత సెగ మీద ఎంతసేపు ఉంచాలి అన్నవే ఆ మూడు. వీటిని చూడవచ్చు, తూచవచ్చు, రాసి పెట్టుకోవచ్చు. వండేవారిని అడిగితే మాత్రం ‘లెక్కేముంది, చూసి వేసుకోవడమే’ అన్న సమాధానమే వస్తుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు, వారు నిజంగానే చూసి వేస్తారు. కాబట్టి అడిగి రాసుకోవడం కాకుండా, పక్కన నిలబడి చూసి రాసుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒకే ఒక్క వంటను ఎంచుకోండి. ఇంట్లోని వంటలన్నీ ఒక పుస్తకంగా రాసేద్దామని మొదలుపెట్టినవారు నాలుగో వంట దగ్గర ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. నేనూ అలాగే ఆగిపోయాను. ఎంచుకునే వంటలో సరుకులు ఎనిమిదికి మించకూడదు. అది ఇప్పటికీ నెలకు రెండు మూడుసార్లయినా వండుతున్నదై ఉండాలి. ఏడాదికొకసారి చేసే గొప్ప వంటల మీదికి మనసు పోతుంది గాని, వాటిలో వండేవారి చేయి కూడా అంత స్థిరంగా ఉండదు, తప్పు దొర్లితే సరిచూసుకోవడానికి మళ్ళీ ఏడాది ఆగాలి. ఉల్లిపాయలు వేయించి వండే మామూలు పప్పు వంటి వంటకం ఈ పనికి అన్నివిధాలా అనువైనది. తప్పును దాచుకోవడానికి చోటు లేని వంట కనుక ప్రతి తేడా నాలుకకు తెలుస్తుంది. ఈ వ్యాసంలో ఉదాహరణగా దాన్నే తీసుకుంటున్నాను.

గిన్నెలనూ గరిటెలనూ కొలవడం

వంట చూడబోయే రోజుకు ముందు రోజే అలమర తెరిచి, ఆ వంటకు వాడే సరుకులన్నీ బయట పెట్టించుకుని, ఒక్కొక్కటి ఏ రూపంలో ఉందో రాసుకోండి. ఉప్పు మెత్తనిదా, కల్లుప్పా? మిరియాలు గింజలా, పొడా? పొడి అయితే ఎప్పుడు కొట్టినది? నూనె దేనిది? పప్పు కొత్తదా, డబ్బా అడుగున మిగిలిపోయిన పాతదా? ఈ ప్రశ్నలు చాదస్తంగా కనిపిస్తాయి గాని, సగం తేడాలు ఇక్కడే పుడతాయి. మెత్తని ఉప్పు ఒక టీస్పూను సుమారు 6 గ్రాములు తూగుతుంది. కల్లుప్పు పలుకుల మధ్య గాలి ఎక్కువ కనుక అదే చెంచాడు అంతకంటే తక్కువ తూగుతుంది. అమ్మ కల్లుప్పు చెంచాతో వేస్తే, మీరు అదే చెంచాతో మెత్తని ఉప్పు వేసి, కూర ఉప్పుకషాయమైందని ఆశ్చర్యపోతారు.

తరవాత పాత్రల సంగతి. ముద్రించిన వంటల పుస్తకాల్లో టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను అంటే 15 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు. కప్పు మెట్రిక్ లెక్కలో 250 మిల్లీలీటర్లు, అమెరికా లెక్కలో సుమారు 237. ఇంట్లో కప్పు అంటే మాత్రం ఈ రెండూ కావు, చేతికి అందే గ్లాసే కప్పు. అందువల్ల ఆ గ్లాసునే కొలవండి. డిజిటల్ కాటా మీద ఖాళీ గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేసి, వండేవారు ఎంతవరకు నింపుతారో అంతవరకు నీళ్ళు పోయండి. నీటి విషయంలో 1 గ్రాము దాదాపు 1 మిల్లీలీటరే కనుక, కాటా చూపించిన అంకే ఆ గ్లాసు కొలత. మా అమ్మ బియ్యానికీ పప్పుకూ వాడే స్టీలు గ్లాసుకు ఒక పక్క సొట్ట ఉంది, అంచుకు వేలెడు కిందనే ఆమె ఆపేస్తుంది. అది 200 మిల్లీలీటర్లు ఉంటుందని ఏళ్ళ తరబడి అనుకుంటూ వచ్చాను. తూచితే 165 తేలింది. ‘గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్ళు’ అన్న లెక్కతో నేను వేరే గ్లాసు వాడినా నీళ్ళ పాళ్ళు చెడలేదు గాని, పప్పు ఎక్కువై ఉప్పూ పులుపూ మాత్రం పాత లెక్కనే ఉండిపోవడం వల్ల ప్రతిసారీ చప్పగా వచ్చేదని అప్పుడు అర్థమైంది.

చేతిని ఆపకుండా తూచడం

ఇదే ఈ పద్ధతికి గుండెకాయ. వండేవారి చేతికి కొలత చెంచా ఇచ్చి ‘దీనితో వేయండి’ అనకండి. అలా అంటే వారి చేయి వెంటనే అలవాటు తప్పుతుంది, మీకు దక్కేది మీ చెంచా కొలతే. దానికి బదులు, వేయబోయే సరుకును కాకుండా డబ్బాను తూచండి. వంటకు ముందు ప్రతి డబ్బానూ మూత తీసి తూచి, అంకె రాసుకోండి. వారు తీసుకోవలసినంత తీసుకున్నాక, మళ్ళీ అదే డబ్బాను మూత లేకుండా తూచండి. రెండింటికీ మధ్య ఉన్న తేడాయే గిన్నెలో పడిన సరుకు.

ఒక్క ఉప్పు డబ్బా విషయంలో జరిగినది చెప్తాను. మొదట డబ్బా 412 గ్రాములు ఉంది. అమ్మ మూడు వేళ్ళతో ఉప్పు తీసింది, గిన్నె మీదికి చేయి తీసుకెళ్ళేలోపు బొటనవేలు కదిపి కొంత తిరిగి డబ్బాలోనే రాల్చింది. ఆ కదలిక ఆమెకే తెలియదు. అడిగితే ‘నేనెప్పుడు రాల్చాను?’ అంది. మళ్ళీ అలాగే తీసింది, మళ్ళీ అలాగే రాల్చింది. డబ్బా 405 అయింది. పప్పు ఉడికి, టొమాటో మగ్గి, అంతా కలిశాక గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నాకి, ఇంకొంచెం వేసింది. డబ్బా 403 అయింది. మొత్తం 9 గ్రాములు. పూర్తయిన పప్పు గిన్నె బరువు తీసేయగా సుమారు 900 గ్రాములు ఉంది. అంటే ఉప్పు నూటికి ఒక పాలు. చాలామంది నాలుకకు నచ్చే ఉప్పు ఈ ఒక శాతానికి కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది కనుక, మీరు రాసుకున్న లెక్క మూడు శాతమనో పావు శాతమనో తేలితే తూకంలో పొరపాటు జరిగిందని అనుమానించండి. రెండో విడత ఉప్పును రాయడం మరచిపోవద్దు. ‘ఉప్పు వేశాను’ అని వండేవారు చెప్పేటప్పుడు మొదటి విడతే లెక్కలో ఉంటుంది, చివర్లో సరిచూసి వేసినది వారి దృష్టిలో వేయడమే కాదు.

ఒక్క గ్రాము వరకు చూపే కాటా ఉప్పుకూ నూనెకూ పప్పుకూ సరిపోతుంది. పసుపు, మిరియాల పొడి వంటి చిటికెడు సరుకులు దానికి ఆనవు. అందుకు కొత్త కాటా కొననక్కర్లేదు. వంట అయిపోయాక తీరిగ్గా కూర్చోబెట్టి, అదే చిటికెను పదిసార్లు ఒక కాగితం మీద వేయించుకుని, వచ్చిన బరువును పదితో భాగించండి. ఒకరి చిటికెడు మరొకరికి రెట్టింపు ఉండవచ్చు, వేళ్ళ లావును బట్టి కూడా మారుతుంది.

వరస, శబ్దం, రంగు

బరువులు చేతికొచ్చాక సగం పని అయినట్టే. మిగిలిన సగం పొయ్యి దగ్గర జరుగుతుంది. ఫోనును మనుషుల ముఖాల వైపు కాకుండా మూకుడు వైపు తిప్పి, శబ్దంతో సహా వీడియో తీయండి. తరవాత చూసుకుంటూ, ఏ నిమిషంలో ఏది పడిందో పక్కన రాసుకోండి. నూనె కాగడం, ఆవాలు చిటపటలాడడం, ఉల్లిపాయల చప్పుడు మొదట గట్టిగా ఉండి నీరు ఇగిరేకొద్దీ సన్నబడడం, ఇవన్నీ చెవితో పట్టుకోవలసిన గుర్తులు. చాలామంది వండేవారు మూకుడు వైపు చూడకుండానే సెగ తగ్గిస్తారంటే కారణం ఇదే.

ఉల్లిపాయల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ‘ఉల్లిపాయలు ఎర్రగా వేయించండి, 5 నిమిషాలు’ అని రాసి ఉన్న వంటకాన్ని చూసి మోసపోనివారు అరుదు. ఉల్లిపాయలో నూటికి దాదాపు 90 పాళ్ళు నీరే. ఆ నీరు ఉన్నంతసేపు ముక్కలు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే తచ్చాడుతూ మగ్గుతాయి గాని వేగవు. నీరు పోయి వేడి 140 డిగ్రీల దరిదాపులకు చేరినప్పుడే, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఆ గోధుమ రంగునూ వేపుడు వాసననూ పుట్టించే చర్య జోరందుకుంటుంది. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరే దానికి పెట్టారు. కాబట్టి నిమిషాలు రాస్తే చాలదు. మూకుడు వెడల్పుదైతే నీరు త్వరగా పోతుంది, ఇరుకుదైతే ఆలస్యమవుతుంది. దానికి బదులు రెండు పనులు చేయండి. వండేవారు ‘చాలు’ అనుకున్న క్షణంలో నాలుగు ముక్కలు తీసి తెల్లటి పళ్ళెంలో పెట్టి ఫొటో తీయండి. వీలైతే, మూకుడును ఉల్లిపాయలు పడగానే ఒకసారి, వేగాక ఒకసారి తూచండి. 200 గ్రాముల ఉల్లిపాయలు ఎంత బరువు కోల్పోయాయో తెలిస్తే, ఎవరి వంటింట్లోనైనా, ఏ పొయ్యి మీదైనా అదే దశకు చేరుకోవచ్చు. మా ఇంట్లో ‘దోరగా’ అనే మాటకు సగం బరువు పోవడమని అర్థమని నాకు కాటాయే చెప్పింది.

వెల్లుల్లిని ఎలా కోశారన్నది తప్పనిసరిగా రాయండి. వెల్లుల్లిలో ఆ ఘాటు ముందే తయారుగా ఉండదు. రెబ్బను నలిపినప్పుడో తరిగినప్పుడో కణాలు చితికి, అల్లీన్ అనే పదార్థం అల్లినేస్ అనే ఎంజైముతో కలిసి అల్లిసిన్ పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము పనిచేయడం మానేస్తుంది. అందువల్ల దంచి పది నిమిషాలు పక్కన పెట్టిన వెల్లుల్లి, పొట్టు తీసి నేరుగా కాగిన నూనెలో వేసిన నిండు రెబ్బ ఒకే రుచినివ్వవు. ‘వెల్లుల్లి 4 రెబ్బలు’ అని రాసి ఊరుకుంటే ఈ తేడా మొత్తం జారిపోతుంది.

ఆవాల కథా ఇంచుమించు అదే. ఆవగింజను నీటితో కలిపి నూరితే మైరోసినేస్ అనే ఎంజైము ముక్కుకెక్కే ఘాటును పుట్టిస్తుంది, గింజగానే నూనెలో చిట్లిస్తే ఆ ఘాటు రాకుండా వేగిన గింజల కమ్మదనం మాత్రమే మిగులుతుంది. మిరియాలకు వస్తే, కారం పైపెరిన్ అనే పదార్థం వల్ల, వాసన తేలికగా ఆవిరైపోయే నూనెల వల్ల కలుగుతాయి. పొడి కొట్టి నెలల తరబడి ఉంచితే కారం నిలుస్తుంది, వాసన పోతుంది. వండేవారు అప్పటికప్పుడు దంచి వేస్తుంటే ఆ సంగతి రాయండి, మీరు కూడా దంచే వేయండి.

పప్పు ఉడకడంలో చూడవలసినది పులుపు పడిన సమయం. టొమాటోలు గాని, నిమ్మరసం వంటి ఏ పులుపు గాని పప్పు మెత్తబడకముందే పడితే గింజ గోడలు త్వరగా కరగవు, పప్పు పలుకుగా ఉండిపోతుంది. నీటిలో సున్నం ఎక్కువగా ఉన్నా అంతే, పప్పు పాతబడినా అంతే. ఎత్తైన ప్రాంతానికి ఇల్లు మారినవారు ఇంకొకటి గమనించాలి. సముద్రమట్టం నుంచి సుమారు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీరు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. అక్కడ అదే వంటకు ఎక్కువసేపు పడుతుంది, తప్పు మీ చేతిది కాదు.

జ్ఞాపకాన్ని డబ్బా దగ్గరే అడగడం

ఈ పనిలో అంకెలతో పాటు జ్ఞాపకాలు కూడా దొరుకుతాయి, వాటిని రాబట్టడానికీ ఒక పద్ధతి ఉంది. ‘ఈ వంటతో మీ జ్ఞాపకాలు చెప్పండి’ అని ఎదురుగా కూర్చుని అడిగితే ఎవరికైనా మాట పెగలదు. పెగిలినా, నలుగురికీ చెప్పి అరిగిపోయిన కథే వస్తుంది. సరుకు గురించి అడగండి. ‘ఈ డబ్బాలో ఇంతకుముందు ఏముండేది?’, ‘ఈ నూనెకు ముందు ఏ నూనె వాడేవారు, ఎందుకు మార్చారు?’, ‘ఇంట్లో ఉల్లిపాయలు అయిపోయిన రోజున ఇదే వంట ఎలా చేసేవారు?’ వంటివి మంచి ప్రశ్నలు. మూడో ప్రశ్నను మాత్రం తప్పక అడగండి. చేతిలో డబ్బులు లేని నెలలూ, పిల్లలకు జ్వరాలొచ్చిన రాత్రులూ, చెప్పకుండా దిగిన చుట్టాలూ ఆ ఒక్క ప్రశ్నకే బయటికి వస్తాయి. పైగా ఏ సరుకు లేకపోయినా వంట నిలబడుతుందో, ఏది లేకపోతే ఆ వంటే కాదో మీకు తేలిపోతుంది.

వాసన చూపించి అడగడం ఇంకా మేలు. చూపు, వినికిడి మెదడులోని థాలమస్ అనే భాగం గుండా వెళ్ళి ఆ తరవాత మిగతా చోట్లకు చేరతాయి. వాసన కబురు మాత్రం ఆ మజిలీతో పనిలేకుండా, భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన అమిగ్డాలాకూ, హిప్పోకాంపస్ పరిసరాలకూ దగ్గరి దారిలో పోతుంది. కాబట్టి డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి, కళ్ళు మూసుకోమని చెప్పి, వాసన చూపించండి. అది ఏమిటో పేరు చెప్పమనకండి, ఏమి గుర్తొస్తోందో అడగండి. ఒక డబ్బాకూ మరో డబ్బాకూ మధ్య రెండు నిమిషాలు విరామం ఇవ్వండి, లేకపోతే ముక్కు మొద్దుబారుతుంది. వారు చెప్పినదాన్ని మీ భాషలోకి మార్చకుండా, వారన్న మాటల్లోనే రాయండి. ‘పచ్చివాసన పోయేదాకా’, ‘గరిటె నిలబడేటట్టు’, ‘నూనె పక్కకు విడిపోయేటట్టు’ వంటి మాటలు అంకెలు చెప్పలేని సంగతులు చెప్తాయి. వాటిని తీసేసి నిమిషాలు మాత్రమే ఉంచడం పొరపాటు.

కాగితాన్ని పరీక్షకు పెట్టడం

ఇప్పుడు మీ వంతు. వీడియో చూడకుండా, ఎవరినీ అడగకుండా, కాగితం ఒక్కటే ముందు పెట్టుకుని వండండి. అసలు వండేవారిని వంటింటి బయటే కూర్చోబెట్టండి, ఇది చెప్పినంత తేలిక కాదు. వండాక రుచి చూపించి, ‘బాగుందా?’ అని కాకుండా ‘ఏమి తక్కువైంది?’ అని అడగండి. బాగుందా అంటే ప్రేమకొద్దీ బాగుందనే అంటారు.

రుచి తప్పితే గిన్నెడు మొత్తాన్నీ దిద్దే ప్రయత్నం చేయవద్దు. నాలుగు చిన్న గిన్నెల్లోకి సమానంగా తీసి, ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో పులుపు, ఒకదానిలో కాచిన నూనె కొంచెం కొంచెం కలిపి, నాలుగోదాన్ని అలాగే ఉంచండి. ఏ గిన్నె దగ్గర వారి ముఖం మారిందో అక్కడే లోపం ఉంది. నా అనుభవంలో పదింట ఆరుసార్లు దోషం ఉప్పుదే, ఆ తరవాత పులుపుది. ఈ మూడింటిలో ఏదీ కాకపోతే ఉల్లిపాయలు సరిగా వేగలేదని అనుకోండి, దానికి వండాక చేయగలిగేదేమీ లేదు, మళ్ళీ వండవలసిందే. రెండోసారి వండేటప్పుడు ఒక్క మార్పు మాత్రమే చేయండి. ఒకేసారి మూడు మార్చి, రుచి కుదిరితే, ఏది కుదిర్చిందో మీకు ఎప్పటికీ తెలియదు.

వండేవారు ఇప్పుడు లేకపోతే ఇదే చిన్న గిన్నెల పద్ధతి అక్కరకు వస్తుంది. ఆ వంట తిన్నవారిలో ఇద్దరినో ముగ్గురినో విడివిడిగా అడగండి. కలిపి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది. రుచి అడిగే ముందు, ఆ అలమరలో ఏయే డబ్బాలుండేవో గుర్తు చేసుకోమనండి. ఎందుకంటే ఆ వంటలో పడ్డవి ఆ డబ్బాల్లోనివే, వాటిలో లేని సరుకును ఈనాటి మన తెలివితో దూర్చడానికి వీల్లేదు. ఉప్పు ఒక శాతంతో మొదలుపెట్టి, మిగతావాటిని చిన్న గిన్నెల్లో మారుస్తూ పోండి. అచ్చంగా అదే రుచి వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ముగ్గురూ ఒకే గిన్నెను చూపించిన రోజున ఆపండి.

చివరి ప్రతిని రాసేటప్పుడు గ్రాముల పక్కనే పాత కొలతను కూడా ఉంచండి. ‘ఉప్పు 9 గ్రాములు, మొదట 7, దించే ముందు 2, అమ్మ చేతి లెక్కలో రెండు చిటికెలు, ఆ పైన ఇంకొంచెం’ అన్న తీరులో రాయండి. ఏ గ్లాసు, ఏ మూకుడు, ఏ తేదీ అన్నవి పైన ఉండాలి. ఒక ప్రతిని అలమర తలుపు లోపలి వైపు అంటించి, మరొకటి పొయ్యికి దూరంగా దాచండి. మసాలా డబ్బాలను కూడా పొయ్యి పక్కన ఉంచవద్దు, వేడికీ వెలుతురుకూ ఆవిరికీ వాటి వాసన పోతుంది, మీ గ్రాముల లెక్క వచ్చే ఏడాదికి పనికిరాకుండా పోతుంది.

ఇంకొక్క జాగ్రత్త. పొయ్యి కట్టేయగానే పుస్తకం మూసేయకండి. నా కాగితం ప్రకారం మూడుసార్లు వండినా ఏదో వెలితి ఉండేది. ఉప్పు, పులుపు, నూనె అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి కాగితాన్నే అమ్మ చేతికిచ్చి చదవమన్నాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, ‘దించాక మూత పెట్టి పది నిమిషాలు వదిలేస్తాను కదా, అది ఏదీ?’ అంది. ఆ పది నిమిషాలూ నేను పెన్ను మూసి, కంచాలు కడుగుతూ ఉన్నాను.